ఆ ఐదు నిమిషాల్లో మడమలు కూడా చూడండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పరకాల దగ్గర ఒక ఊరు. మా మామయ్యకు 66 ఏళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. గత నెల పత్తి చేను దగ్గరే పక్షవాతం వచ్చి పడిపోయారు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో 12 రోజులు ఉంచారు. అందులో వారం రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నారు. మమ్మల్ని పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు లోపలికి పంపేవారు. నిన్న వార్డుకు మార్చారు. దుప్పటి మారుస్తుంటే నడుము కింద అరచేయంత నల్లటి మచ్చ కనిపించింది, మధ్యలో చర్మం లేచిపోయింది. కుడి మడమ మీద నీటి పొక్కు ఉంది. నర్సును అడిగితే "మంచంలో ఉన్నవాళ్లకు వస్తాయమ్మా" అన్నది. మా ఆడపడుచు గాలి ట్యూబు కొనుక్కొచ్చింది. పక్క మంచం వాళ్లు పౌడరు డబ్బా ఇచ్చి, స్పిరిటుతో బాగా రుద్ది ఇది చల్లమన్నారు. వచ్చే వారం ఇంటికి పంపుతామంటున్నారు. నేను కోడలిని, ఆయనకు నడుము కింద చూడాలంటే మొహమాటంగా ఉంది. ఇందులో తప్పెవరిది? ఇది పెద్దది కాకుండా ఏం చేయాలి?
– ఒక కోడలు

జవాబు: అమ్మా, తప్పెవరిదన్న మాటకు తరువాత వస్తాను. ముందు స్పిరిటు, పౌడరు, ట్యూబు మూడూ పక్కన పెట్టండి. మీ మామయ్య ఇప్పుడు వెల్లకిలా పడుకుని ఉంటే ఇద్దరు కలిసి పక్కకు తిప్పి, వీపు వెనుక దిండు పెట్టి, ఆ తరువాత మిగతాది చదవండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ఐసీయూలోనే. ఇలాంటి మచ్చను చూసి "కమిలిందిలే, తగ్గిపోతుంది" అన్నవాళ్లను చాలామందిని చూశాను. కొన్ని మామిడి పండ్లు పైకి నిగనిగలాడుతూనే టెంక దగ్గర కుళ్లి ఉంటాయి. పడక పుండు అలాంటిది. మంచానికీ ఎముకకూ మధ్య నలిగిపోయే కండలో అన్నింటికంటే ఎక్కువ ఒత్తిడి పడేది ఎముకను ఆనుకున్న చోట. అక్కడ లోపల చెడిపోయిన రెండు మూడు రోజులకు పైన రంగు మారుతుంది. అందుకే నిన్న కనిపించిన మచ్చ నిన్నటిది కాదు, ఐసీయూలో ఉండగానే మొదలై ఉంటుంది. వచ్చే వారంలో ఆ నల్లని భాగం విచ్చుకుని లోతైన పుండుగా బయటపడవచ్చు. అలా జరిగితే మీ సేవలో లోపమని కుమిలిపోకండి.

ఈరోజే డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు దుప్పటి తొలగించి చూపించండి. నోటిమాటగా చెబితే తల ఊపి వెళ్లిపోతారు. ఎక్కడ ఉంది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ దశలో ఉంది అన్నవి కేస్ షీటులో రాయించండి. చర్మం చెదరకుండా రంగు మాత్రమే మారితే మొదటి దశ. పైపొర లేచిపోయినా, నీటి పొక్కు వచ్చినా రెండవ దశ. కొవ్వు కనిపించేంత లోతైతే మూడు, కండ, ఎముక దాకా వెళ్తే నాలుగు. నల్లగా ఉన్నప్పుడు లోతు ఎంతో పైనుంచి తెలియదు కాబట్టి దశ ఇప్పుడే చెప్పలేమని డాక్టరు అంటే అది తప్పించుకునే మాట కాదు, నిజమే చెబుతున్నారు. మడమ మీది పొక్కును సూదితో గుచ్చకండి. పగలనంత వరకు అదే పుండుకు కట్టు. షుగరు ఉన్న మనిషి కాబట్టి పాదాలకు రక్తం సరిగా అందుతోందో లేదో చూడమని డాక్టరును ప్రత్యేకంగా అడగండి.

ఇక తప్పు సంగతి. "మంచంలో ఉన్నవాళ్లకు వస్తాయి" అన్న జవాబు నాకు ఏనాడూ నచ్చలేదు. అలాగని ప్రతి పుండూ నిర్లక్ష్యం వల్లే వచ్చిందనీ అనను. బీపీ పడిపోయి దాన్ని నిలబెట్టే మందులు ఎక్కిస్తున్నప్పుడు శరీరం గుండెను, మెదడును కాపాడుకోవడానికి చర్మానికి వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. కొందరు రోగులను కాస్త పక్కకు తిప్పితే చాలు, మానిటర్ మీద అంకెలు జారిపోతాయి. అలాంటి రెండు రోజుల్లో వచ్చిన పుండుకు ఎవరినీ నిందించలేం. కానీ పన్నెండు రోజులూ అలాగే ఉండవు కదా. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది మేం చదువుకున్న లెక్క. రాత్రి డ్యూటీలో ఒకే నర్సు ముగ్గురిని చూసుకుంటూ, డెబ్బై కిలోల మనిషిని తిప్పడానికి రెండో మనిషి కోసం ఎదురుచూసిన రాత్రులు నాకు గుర్తున్నాయి. మీకు జవాబు చెప్పిన ఆ అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. ఆమెకు తోడుగా మరో ఇద్దరిని పెట్టని యాజమాన్యాన్ని మాత్రం నిలదీయవచ్చు. అదీ మామయ్యను ఇంటికి చేర్చాక చేయండి.

ఈ పుండు ఎలా పడుతుందో తెలిస్తే సగం పని మీకే తోస్తుంది. చేలో డ్రిప్ పైపు మీద బండరాయి పడితే ఆ చివర మొక్క వాడిపోతుంది. రాయి తీసేస్తే తేరుకుంటుంది. ఆలస్యమైతే తేరుకోదు. ఎముక ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోయినప్పుడు జరిగేదీ అంతే. మనం నిద్రలో మనకు తెలియకుండానే ఎన్నోసార్లు ఒత్తిగిలుతాం. మత్తుమందులో ఉన్నవాళ్లు ఒత్తిగిలలేరు. పక్షవాతం వచ్చిన పక్కకు నొప్పి కూడా సరిగా తెలియదు.

బరువుకు తోడు ఇంకో శత్రువు జారడం. ఊపిరితిత్తులకు నిమ్ము రాకుండా ఐసీయూలో తలవైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు. అది అవసరమే. కానీ మనిషి మెల్లగా కాళ్లవైపు జారుతాడు. చర్మం దుప్పటిని పట్టుకుని అక్కడే ఉంటుంది, లోపల ఎముక మాత్రం కిందికి దిగుతుంది. మధ్యలో నాళాలు మెలిపడి సాగిపోతాయి. అందుకే తలవైపు ఎత్తే ముందు మోకాళ్ల దగ్గర మంచాన్ని కాస్త పైకి లేపాలి. జారిన మనిషిని చంకల్లో చేతులు వేసి ఈడ్చకూడదు. నడుము కింద అడ్డంగా పరిచిన దుప్పటిని ఇద్దరు రెండు వైపులా పట్టుకుని, ఎత్తి పైకి జరపాలి. ఈడిస్తే పైతోలు, జారితే లోపలి కండ దెబ్బతింటాయి.

ఇప్పుడు ఐసీయూ ముందు కుర్చీల్లో కూర్చుని ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. ఆ ఐదు నిమిషాల్లో అందరూ చూసేది రెండే: రోగి ముఖం, పైన మానిటర్. మానిటర్‌ను చూసే పని డాక్టర్లది. మీరు నర్సుకు చెప్పి, కాళ్ల దగ్గర దుప్పటి కాస్త తొలగించి మడమలు చూడండి. అవి పరుపును తాకుతున్నాయా, గాలిలో ఉన్నాయా? తల వెనుక, ఆక్సిజన్ గొట్టం ఒరుసుకునే చెవి పైభాగం, మాస్కు ఆనే ముక్కు దూలం, నోటి గొట్టం కట్టిన పెదవి మూల చూడండి. మూత్రం గొట్టం తొడ కింద నలుగుతోందేమో చూడండి. నడుము కింద చూడడానికి తిప్పే సమయంలో పిలవమని అడగండి. అనుమానం వచ్చిన చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబారి మళ్లీ రంగు వస్తే ఫరవాలేదు. నొక్కినా మారకపోతే అది మొదటి దశ. కాకపోతే ఈ పరీక్ష పుస్తకాల్లో తెల్లతోలు వాళ్ల మీద రాసింది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలదు. చుట్టుపక్కల కంటే నల్లగానో వంకాయ రంగులోనో ఉందా, అరచేయి వెనుక భాగంతో తాకితే వేడిగా ఉందా, గట్టిపడిందా, లేక మెత్తగా పిండిలా ఉందా అన్నది చూడాలి.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. చాలా ఏళ్ల కిందట, ఆసుపత్రి పేరు అనవసరం, రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయనకు ఇంజెక్షన్ ఇచ్చి సూది మూత పక్క మీదే మరిచిపోయాను. అది జారి వీపు కిందికి వెళ్లింది. తెల్లవారి తిప్పి చూస్తే భుజం ఎముక కింద ఆ మూత ఆకారం అచ్చు గుద్దినట్టు పడి ఉంది. మూత అంచు గీతతో సహా! అది మానడానికి మూడు వారాలు పట్టింది. ఆ తరువాత ఎప్పుడు తిప్పినా పక్క మొత్తం అరచేత్తో తడిమేదాన్ని. ఇప్పటికీ ఏ ఇంట్లో రోగిని చూడడానికి వెళ్లినా ముందు దుప్పటి ముడతలు సరిచేసి, ఆ తరువాతే కూర్చుంటాను.

నర్సును ఎలా అడగాలో కూడా చెబుతాను. "మీరు అసలు తిప్పుతున్నారా?" అని అడిగితే మొహం ముడుచుకుంటారు. "సిస్టర్, ఇందాక ఏ పక్కకు తిప్పారు? ఇప్పుడు ఏ పక్క రావాలి? నేనూ ఒక చేయి వేయనా?" అని అడగండి. ఏ పక్కకు ఎన్నింటికి తిప్పారో రాసే చార్టు ఉంటుంది. ఎవరికి పుండు పడే ప్రమాదం ఎక్కువో లెక్కవేసే పద్ధతి కూడా ఉంది. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు అమెరికన్ నర్సులు 1980లలో తయారు చేసిన బ్రేడెన్ స్కేలు అది. స్పర్శ తెలియడం, తేమ, నడక, కదలిక, తిండి, ఒరిపిడి అనే ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. మొత్తం 23. 18 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ప్రమాదం ఉన్నట్టే. మీ మామయ్య స్కోరు ఎంత అని అడగండి. ఆ మాట విన్నాక మీ మంచం దగ్గరికి రాకపోకలు పెరుగుతాయి, నా అనుభవం అది.

ఇంటికి వెళ్లాక మీ చేతుల్లో ఉన్న అసలు మందు తిప్పడమే. రెండు గంటలకోసారి తిప్పాలన్న లెక్క కొత్తది కాదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం విభాగం తెరిచిన డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి వాళ్లను తిప్పించేవాడు. అప్పటిదాకా అలాంటి వాళ్లలో చాలామంది పుండ్లకు చీము పట్టి చనిపోతుండేవారు. మీ మామయ్యకు ఇప్పటికే నడుము కింద పుండు ఉంది కాబట్టి వెల్లకిలా వంతు వద్దు. కుడి, ఎడమ, మళ్లీ కుడి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ ఇంకో పుండు పడుతుంది. వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీలే ఒరిగించండి. సరిగా కుదిరిందో లేదో తెలియాలంటే నడుము కింద చేయి దూర్చండి. పుండు ఉన్న చోటు పరుపును తాకకుండా ఖాళీగా ఉండాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగకండి, భుజం జారుతుంది. ఆ పక్కకు తిప్పినప్పుడు భుజం ఒంటి కింద నలగకుండా కాస్త ముందుకు తీయండి.

మడమలకు దిండు నిలువుగా, పిక్కల పొడవునా పెట్టండి. మడమ దిండు చివర దాటి గాలిలో వేలాడాలి. కింద ఒక కాగితం దూర్చి లాగితే అడ్డం లేకుండా రావాలి. మన ఇళ్లలో బూరుగు దూది దిండ్లు ఉంటాయి, అవి మంచివే. కానీ నాలుగు రోజులకు అణిగి గడ్డకడతాయి, ఎండలో వేసి దులపాలి. ఆసుపత్రుల్లో చేతి తొడుగులో నీళ్లు నింపి మడమ కింద పెట్టడం చూసే ఉంటారు. నేనూ పెట్టాను, చాలా తెలివైన పని చేశాననుకునేదాన్ని. అది ఒత్తిడిని తగ్గించదని తరువాత తెలిసింది. మీ ఆడపడుచు తెచ్చిన గాలి ట్యూబు సంగతీ అంతే. నడుమ ఖాళీ వదిలి చుట్టూ గట్టిగా ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ రక్తం ఆగి, నడుమనున్న పుండు వాచిపోతుంది.

ఎయిర్ బెడ్ కొనుక్కుంటే మంచిదే. కొని మోటారు పెట్టేసి ఇక తిప్పనవసరం లేదనుకునేవాళ్లే ఎక్కువ. అది తిప్పే పనిని తేలిక చేస్తుంది, మాన్పించదు. మోటారు మీది డయలును ఆయన బరువుకు తగ్గట్టు పెట్టండి. నడుము ఉన్నచోట ఎయిర్ బెడ్ కింద చేయి పెడితే ఎముక చేతికి తగలకూడదు. తగిలితే గాలి చాలనట్టు. పైన ఒక్క పలుచటి నూలు దుప్పటి చాలు. దాని మీద జంపఖానా, దాని మీద రెక్సిన్ షీటు, మళ్లీ దుప్పటి వేస్తే వేలు పోసి కొన్న మంచం చాప అవుతుంది. ఎండాకాలం రెక్సిన్ కింద చెమట పట్టి చర్మం నానిపోతుంది. కరెంటు పోయిన గంటల్లో ఎయిర్ బెడ్ గాలి తగ్గుతుంది, అప్పుడు ఇంకా త్వరగా తిప్పాలి. రాత్రి మొత్తం రెండు గంటలకోసారి లేవడం మనుషులకు సాధ్యమయ్యే పని కాదని నాకు తెలుసు. మంచి పరుపు ఉండి, పొద్దున చూస్తే కొత్తగా మచ్చలేమీ లేకపోతే రాత్రి పూట మూడు, నాలుగు గంటలకు పెంచుకోవచ్చు. చర్మం ఏం చెబితే అది లెక్క.

ఇక మీ మొహమాటం. ఉత్తరంలో చివర ఒక్క వాక్యంలో రాశారు కానీ నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచింది అదే. కోడలు చూడకూడదు, కొడుకు చేను నుంచి చీకటి పడ్డాక వస్తాడు, అత్తమ్మకు కళ్లు సరిగా కనబడవు. ఇలా అందరూ ఉండగానే ఆ ఇంట్లో నడుము కింద చూసే మనిషి ఉండడు. నడుము కింద రోజుకు రెండుసార్లు చూడడం మీ ఆయన పని. పొద్దున చేనుకు వెళ్లే ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి, ఫోను లైటు వేసి చూడాలి. చేతకాకపోతే ఆసుపత్రిలో ఉండగానే నర్సు దగ్గర నేర్చుకోమనండి. మడమలు, మోచేతులు, చెవులు, తల వెనుక మీరు చూడండి. తప్పనిసరై మీరే అంతా చూడాల్సి వస్తే, సిగ్గుపడే మామయ్యకు పైన తువ్వాలు కప్పి, చేసేది ముందుగా చెప్పి చేయండి. మాట రాకపోయినా ఆయనకు వినపడుతుంది.

మలమూత్రాలు తగిలిన చర్మం నాని, చిన్న ఒరిపిడికే చిట్లుతుంది. డైపరు నిండేదాకా ఆగకండి. మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టి, పుండు లేని చుట్టుపక్కల చర్మానికి జింక్ ఆక్సైడ్ క్రీము పలుచగా రాయండి. ఆరిపోయిన కాళ్లకు, చేతులకు కొబ్బరినూనె రాయవచ్చు, మర్దన మాత్రం వద్దు. ఎముక మీద నల్లబడిన చోట రుద్దితే లోపల చెడిన కండ ఇంకా నలుగుతుంది. స్పిరిటు చర్మాన్ని పగిలేలా ఎండగడుతుంది. పౌడరు తేమకు ఉండకట్టి ఇసుకలా గీరుతుంది. పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడు, అయోడిన్ ఇంట్లో ఎవరు చెప్పినా పోయకండి. పుండును సెలైన్ నీళ్లతో కడిగి, డాక్టరు రాసిన కట్టే కట్టాలి. మడమ మీద గట్టిగా ఎండిన నల్ల పెచ్చు కడితే దాన్ని కత్తిరించకండి, అది మూతలాంటిది. చెడువాసన, చీము, జ్వరం, చుట్టూ ఎర్రగా పాకడం, మనిషి ఉన్నట్టుండి మగతగా మారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తిండి దగ్గర మీకు పెద్ద పేచీ వస్తుందని ఇక్కడి నుంచే చెప్పగలను. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు పెడితే పుండు మానదు, జావ ఒక్కటే పొయ్యండి అనేవాళ్లు మీ వాకిట్లో కనీసం ఇద్దరు ఉంటారు. చీము సూక్ష్మక్రిములతో వస్తుంది, కందిపప్పుతో రాదు. పుండు పూడడానికి కొత్త కండ కావాలి, కండకు ప్రోటీన్ కావాలి. కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు. అరవై కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు పాలలో 8, వంద గ్రాముల కందిపప్పులో 22 దాకా ఉంటుంది. వట్టి గంజి, జావతో ఆ లెక్కలో పావు వంతు కూడా రాదు. షుగరు వల్ల మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే మాత్రం ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి, క్రియాటినిన్ రిపోర్టు చూపించి అడగండి. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం సరిగా ఉందో లేదో పరీక్షించకుండా నోటి ద్వారా ఏదీ పెట్టకండి. ముక్కు గొట్టంతో పోస్తుంటే పోసేటప్పుడు, ఆ తరువాత ఒక గంట తలవైపు ఎత్తి ఉంచి, తరువాత దించండి. షుగరు అదుపులో లేకపోతే ఎన్ని గుడ్లు పెట్టినా పుండు పూడదు.

కుర్చీలో కూర్చోబెట్టే రోజు వస్తే సంతోషించండి గానీ, నడుము కింద పుండు మానేదాకా కొద్దిసేపే, డాక్టరు చెప్పినంతే. కూర్చున్నప్పుడు పావుగంటకోసారి ముందుకు, పక్కలకు వంచి బరువు మార్చండి.

ఆసుపత్రి వదిలే ముందు డిశ్చార్జి కాగితం చదివించుకోండి. పుండు ఎక్కడ, ఎంత కొలత, ఏ కట్టు, ఎన్ని రోజులకోసారి మార్చాలి అన్నవన్నీ అందులో ఉండాలి. లేకపోతే రాసి ఇచ్చేదాకా కదలకండి. రేపు నల్లని కండను తీసేయాల్సి వచ్చి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ మరో చోటికి గానీ వెళ్తే, పుండు ఎప్పుడు మొదలైందో ఆ కాగితమే చెబుతుంది. తప్పెవరిదని యాజమాన్యాన్ని అడగదలిస్తే చూపించాల్సిందీ దాన్నే. ఇంటికి వచ్చి కట్టు మార్చే ఏర్పాటు మీ మండలంలో ఉందేమో ఆశా కార్యకర్తను అడగండి.

ప్రతి ఆదివారం దర్జీ టేపు పక్కన పెట్టి, ముఖం రాకుండా, ఒకే దూరం నుంచి ఒక ఫొటో తీయండి. మడమ పొక్కు రెండు మూడు వారాల్లో ఆరిపోవాలి. నడుము కింది పుండుకు నెలలు పట్టవచ్చు. నల్లటి భాగం రాలిన మొదటి వారాల్లో అది పెద్దదైనట్టు కనిపించినా, ఆ తరువాత రెండు వారాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అంచులు దగ్గరకు రావాలి. రాకపోతే తిప్పడంలోనో, తిండిలోనో, షుగరులోనో ఎక్కడో లెక్క తప్పినట్టు. ఆ ఫొటోలు పట్టుకుని సర్జనును కలవండి.